దత్తత సెలవు ముగిసి ఉద్యోగంలో తిరిగి చేరినప్పుడు కంపెనీ ఏం మార్చవచ్చు, ఏం మార్చకూడదు

అమ్మా, మీరు వివరంగా రాసిన సమస్యను ముందుగా క్లుప్తంగా చెప్పి, ఆ తరువాత జవాబులోకి వస్తాను. ఇదే చిక్కులో ఉన్న మరొకరు చదివినా వారికి అర్థం కావాలన్నది నా ఉద్దేశం. మీరు శ్రీకాకుళం నుంచి రోజూ కంపెనీ బస్సులో పైడిభీమవరం వెళ్లి, ఒక మందుల కర్మాగారంలో క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్ అనలిస్టుగా ఆరేళ్లుగా పనిచేస్తున్నారు. జీతం 21,000 రూపాయలు దాటినందువల్ల ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా పథకం) పరిధిలో లేరు. సంక్రాంతి వెళ్లిన వారంలో మీ మరిది, తోటికోడలు తమకు పుట్టిన రెండు నెలల పాపను పెద్దల సమక్షంలో మీ దంపతుల చేతుల్లో పెట్టారు. దత్తత పత్రం మాత్రం ఫిబ్రవరిలో, సుమారు మూడు వారాల తరువాత, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు అయింది. కంపెనీ 12 వారాల సెలవు మంజూరు చేసింది. ఏప్రిల్ నడుమ మీరు తిరిగి వెళ్లేసరికి మిమ్మల్ని ల్యాబ్ నుంచి ప్యాకింగ్ విభాగానికి మార్చి, జనరల్ షిఫ్టు తీసేసి ఏ, బి షిఫ్టుల్లో వేశారు. ల్యాబ్ అలవెన్సు ఆపేశారు. పత్రం రిజిస్టరు కాకముందు రోజులను జీతం లేని సెలవుగా రాశారు, మిగిలిన రోజుల్లో ఆదివారాలకు డబ్బు కట్టలేదు. అందరికీ ఇచ్చిన ఏప్రిల్ ఇంక్రిమెంటు మీకు ఇవ్వలేదు. వీటన్నిటి మీదా కొత్త నియామక పత్రం ఒకటి చేతికిచ్చి సంతకం చేయమంటున్నారు. కన్న తల్లులకే ఈ హక్కులు వర్తిస్తాయనీ, మీకిచ్చిన సెలవు యాజమాన్యం దయ అనీ హెచ్ఆర్ అధికారి అన్నట్టు కూడా రాశారు.

ఆ కొత్త నియామక పత్రం మీద సంతకం చేయకండి. మిగిలిన విషయాలన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు గాని, ఇది ఆగే విషయం కాదు. అందులో చేరిన తేదీగా ఈ ఏప్రిల్ తేదీ రాసి ఉంటే, మీ ఆరేళ్ల సర్వీసును మీ చేత్తోనే కొట్టేసుకున్నట్టు అవుతుంది. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే అయిదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి; మీకు అది ఇప్పటికే పూర్తయింది. మంజూరైన సెలవులో గడిపిన కాలం వల్ల నిరంతర సర్వీసు తెగదని గ్రాట్యుటీ చట్టం మొదటి నుంచీ చెబుతున్నది, ఆ నియమమే దాని స్థానంలో వచ్చిన కొత్త కోడ్‌లోనూ కొనసాగింది. కాబట్టి మీరు కొత్తగా చేరడం లేదు, సెలవు ముగించుకుని విధులకు హాజరవుతున్నారు. ఇవ్వవలసింది చేరిక రిపోర్టు మాత్రమే, దానికి నియామక పత్రంతో పని లేదు. ఒకవేళ ఒత్తిడికి లొంగి ఇప్పటికే సంతకం చేసి ఉన్నా బెంగపడవద్దు. చట్టం ఇచ్చినదానికంటే తక్కువకు ఒప్పుకున్నట్టు రాయించుకున్న ఒప్పందం ఆ మేరకు చెల్లదు. అయితే చెల్లదని రుజువు చేసే శ్రమ మీ మీద పడుతుంది, ఆ శ్రమ ఎందుకన్నదే నా మాట.

ఇక చట్టం సంగతి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతోనే ఆ చట్టం కింద దత్తత తల్లికి మొదటిసారి సెలవు హక్కు వచ్చింది. మూడు నెలల లోపు బిడ్డను చట్టబద్ధంగా దత్తత తీసుకున్న స్త్రీకి, బిడ్డను ఆమెకు అప్పగించిన తేదీ నుంచి 12 వారాల ప్రయోజనం అని ఆ సవరణలో రాశారు. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి రావడంతో ఆ చట్టం స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోని ఆరవ అధ్యాయం వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి గాని సారం దాదాపు అదే. దత్తత సెలవు 60వ సెక్షన్‌లో, పిల్లల సంరక్షణ గది 67లో, సెలవు కారణంగా ఉద్యోగికి నష్టం చేయకూడదన్న నిషేధం 68లో ఉన్నాయి. ఈ మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. మీ హెచ్ఆర్ ఇంకా పాత చట్టంలోని 5, 11ఎ, 12 సెక్షన్ల పేరుతో మాట్లాడితే కంగారు పడకండి, మాట్లాడుతున్నది అదే విషయం గురించి. మూడు నెలల వయసు పరిమితి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వివాదం. కాని మీ పాప చేతికొచ్చేనాటికి రెండు నెలలదే కనుక ఆ గొడవ మీ జోలికి రాదు. అంతకంటే పెద్ద బిడ్డను తీసుకున్నవారు తమ విషయం విడిగా న్యాయవాదిని అడగాలి. అంతకు ముందరి 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలన్న షరతు ఆరేళ్లుగా పనిచేస్తున్న మీకు అడ్డే కాదు.

మీరు అడిగిన ప్రశ్నల్లో అసలైనది ఒకటే: నా పాత సీటు నాకు తిరిగి ఇవ్వాలా? దీనికి చాలామంది అవునని తేలిగ్గా చెప్పేస్తారు. నేను అలా చెప్పలేను. సెలవు నుంచి వచ్చిన స్త్రీని అదే కుర్చీలో, అదే యంత్రం ముందు కూర్చోబెట్టాలని మన చట్టంలో ఎక్కడా ఆ మాటలతో లేదు. చట్టంలో ఉన్నది వేరే మాట, నా దృష్టిలో అంతకంటే బలమైన మాట. ఈ అధ్యాయం ప్రకారం స్త్రీ పనికి రాకుండా ఉన్నప్పుడు, ఆ కాలంలో గాని ఆ కారణంగా గాని ఆమెను తొలగించకూడదు, ఆమె సర్వీసు షరతుల్లో దేన్నీ ఆమెకు నష్టం కలిగేలా మార్చకూడదు. ఇందులో రెండు సంగతులు గమనించండి. ఒకటి, అక్కడ కాన్పు ప్రస్తావన లేదు, ఈ అధ్యాయం ప్రకారం తీసుకున్న సెలవు అని ఉంది. దత్తత సెలవు కూడా ఈ అధ్యాయం ప్రకారం వచ్చిందే కనుక ఆ రక్షణ మీకూ పూర్తిగా వర్తిస్తుంది. హెచ్ఆర్ అధికారి చెప్పిన దయ సిద్ధాంతానికి ఇదే జవాబు. రెండు, నిషేధం మార్పు మీద కాదు, నష్టం కలిగించే మార్పు మీద. అందుకే నా సీటు నాకు కావాలి అని పోరాడితే యాజమాన్యం మీ నియామక పత్రంలోని బదిలీ నిబంధన తీసి చూపుతుంది. ప్రతి కంపెనీ పత్రంలోనూ అవసరాన్ని బట్టి ఏ విభాగానికైనా మార్చవచ్చు అనే వాక్యం ఒకటి ఉంటుంది, దాని ముందు మీ వాదన తేలిపోతుంది. అదే నాకు జరిగిన నష్టం ఇది, నష్టానికి కారణం నా సెలవు అని చూపగలిగితే ఆ బదిలీ నిబంధన పనికిరాదు. కంపెనీ రాసుకున్న నిబంధన చట్టం కంటే పైది కాదు.

కాబట్టి ఈ రాత్రే ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు జనవరికి ముందు మీ స్థితి, కుడివైపు ఈనాటి స్థితి రాయండి. హోదా, గ్రేడు, ఎవరికి రిపోర్టు చేసేవారు, షిఫ్టు వేళలు, మూల వేతనం, ల్యాబ్ అలవెన్సు, చేతికి వచ్చే జీతం, మీ సంతకంతో ఏయే రికార్డులు బయటికి వెళ్లేవి, మీ కింద శిక్షణ పొందినవారు ఎందరు, ఇవన్నీ ఒక్కొక్క వరుసలో రావాలి. డిసెంబరు జీతపు చీటీ, ఏప్రిల్ జీతపు చీటీ రెండూ పక్కపక్కన పెడితే అలవెన్సు తేడా రూపాయలతో సహా తేలుతుంది. పని స్వభావం దగ్గర మాత్రం కాస్త శ్రద్ధ పెట్టండి. హెచ్‌పీఎల్‌సీ (నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద నమూనాలు నడిపి, ఫలితం లెక్కగట్టి, పరీక్షా నివేదికపై సంతకం చేసే అనలిస్టును కార్టన్లపై బ్యాచ్ నంబరు సరిచూసే పనిలో పెడితే, జీతం ఒక్క రూపాయి తగ్గకపోయినా అది దిగజార్పే. రెండేళ్ల తరువాత మరో కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు చివరి విభాగం ఏదని అడుగుతారు. అప్పుడు మీ అనుభవం విలువ ఎంత తగ్గిందో తెలుస్తుంది. ఈ మాట మీ దరఖాస్తులో రాయడానికి వెనుకాడకండి.

కారణం చూపడం నష్టం చూపడం కంటే కష్టం. యాజమాన్యం ఎన్నడూ దత్తత తీసుకున్నందుకు మార్చాం అని రాసివ్వదు, పనుల అవసరం అని రాస్తుంది. ఇక్కడ ఉపయోగపడేవి చుట్టుపక్కల సంగతులు: మీ స్థానంలో ఎవరిని వేశారు, ఎప్పుడు వేశారు, ల్యాబ్ నుంచి మీతోపాటు మరెవరినైనా మార్చారా, ల్యాబ్‌లో కొత్తగా ఎవరినైనా తీసుకున్నారా, మార్పు ఉత్తర్వు మీరు చేరిన రోజునే ఇచ్చారా. ఈ జిల్లాల్లోనే ఒక కర్మాగారంలో, నేను కార్మిక శాఖలో పనిచేస్తున్న కాలంలో, ప్రసూతి సెలవు నుంచి వచ్చిన ఒక ఉద్యోగినిని స్టోర్స్‌కు మార్చి, అది విభాగాల పునర్వ్యవస్థీకరణ అని యాజమాన్యం గట్టిగా వాదించింది. తీరా చూస్తే ఆ పునర్వ్యవస్థీకరణలో కదిలింది ఆమె ఒక్కరే. విభాగంలోని తక్కినవారి హాజరు పట్టీ తెప్పించి చూసేసరికి వాదన అక్కడితో ఆగిపోయింది. మీ విషయంలో హెచ్ఆర్ అన్న మాటకు ఎవరైనా సాక్షులుంటే మంచిదే. లేకపోయినా ఆ సాయంత్రమే మీరు మర్యాదగా ఒక మెయిల్ పెట్టి, ఈ రోజు మన సంభాషణలో మీరు ఫలానా అన్నారు, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో తెలియజేయగలరు అని అడిగి ఉంటే అది సాక్ష్యమయ్యేది. ఇప్పుడైనా పెట్టవచ్చు. జవాబు రాకపోవడం కూడా ఒక రకమైన జవాబే.

షిఫ్టుల విషయంలో మీకు ఇంకొక అండ ఉంది, అది దత్తతతో సంబంధం లేనిది. వృత్తిపర భద్రతా కోడ్ ప్రకారం ఉదయం 6 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత స్త్రీలను పనిలో ఉంచాలంటే వారి సమ్మతి ఉండాలి, భద్రత, రవాణా వంటి ఏర్పాట్లు ఉండాలి. మీ బి షిఫ్టు మధ్యాహ్నం రెండుకు మొదలై రాత్రి పదికి ముగుస్తుందని రాశారు. అంటే అందులో ఆఖరి మూడు గంటలు మీ సమ్మతి లేకుండా నడవవు. రణస్థలం, చిలకపాలెం, ఎచ్చెర్ల దాటుకుని బస్సు శ్రీకాకుళం సింహద్వారం చేరేసరికి ఎంత పొద్దుపోతుందో మీకు తెలుసు, ఆరు నెలల పాప ఉన్న ఇంట్లో దాని అర్థమేమిటో కూడా మీకే తెలుసు. సమ్మతి ఇవ్వలేదని రాతపూర్వకంగా తెలపండి. చేరేటప్పుడు ఇచ్చిన కాగితాల కట్టలో సమ్మతి పత్రం ఏదైనా సంతకం చేసి ఉన్నారేమో ముందుగా చూసుకోండి. ఉంటే దాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు తేదీ వేసి ఇవ్వండి.

దత్తత చెల్లుబాటు గురించి కంపెనీ లేవదీసిన అభ్యంతరాలు రెండూ నిలబడవు. కారా (కేంద్ర దత్తత సంస్థ) ద్వారా రాని బిడ్డ దత్తతే కాదని, కలెక్టరు ఉత్తర్వు తెమ్మని అడిగారట. కారా పద్ధతి, కలెక్టరు ఉత్తర్వు అన్నవి బాలల న్యాయ చట్టం కింద జరిగే దత్తతలకు సంబంధించినవి. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956 కింద జరిగిన దత్తతలకు తాను వర్తించనని ఆ బాలల న్యాయ చట్టమే 56వ సెక్షన్‌లో చెప్పుకుంది. 1956 చట్టం అడిగేది ఏమిటంటే, ఇచ్చేవారికి, తీసుకునేవారికి అర్హత ఉండాలి, భార్యాభర్తలిద్దరి సమ్మతి ఉండాలి, అమ్మాయిని దత్తత తీసుకునేవారికి అప్పటికే అమ్మాయి ఉండకూడదు, బిడ్డను నిజంగా ఈ చేతుల నుంచి ఆ చేతుల్లోకి ఇచ్చిపుచ్చుకోవాలి, డబ్బు చేతులు మారకూడదు. దత్తహోమం తప్పనిసరి కాదని కూడా అందులోనే ఉంది. ఇరుపక్షాలూ సంతకం చేసి రిజిస్టరు చేయించిన పత్రం ఉంటే, కాదని ఎవరైనా రుజువు చేసేవరకు దత్తత సక్రమంగానే జరిగిందని న్యాయస్థానం భావించాలన్నది 16వ సెక్షన్. కంపెనీ హెచ్ఆర్ న్యాయస్థానం కాదు గదా. న్యాయస్థానమే నమ్మవలసిన పత్రాన్ని తాను నమ్మనంటే కుదరదు. మీలాగా పత్రం చేయించుకోకుండా బంధువుల బిడ్డను ఇంట్లో పెంచుకుంటూ వస్తున్న కుటుంబాలు మన పల్లెల్లో కొల్లలు. వారి మమకారాన్ని ఎవరూ తప్పుపట్టలేరు గాని, ఈ సెలవు హక్కు మాత్రం వారికి రాదు; చట్టబద్ధంగా దత్తత అన్న మాట దగ్గరే ఆగిపోతుంది.

రెండో అభ్యంతరం తేదీలది. రిజిస్ట్రేషన్ జరిగిన నాటి నుంచే సెలవు లెక్కించి, అంతకు ముందరి సుమారు మూడు వారాలను జీతం లేని రోజులుగా రాశారు. చట్టం ఎంచుకున్న తేదీ బిడ్డను అప్పగించిన తేదీ. పత్రం దత్తతను పుట్టించదు, జరిగిన దత్తతకు రుజువుగా నిలుస్తుంది. మీ పత్రంలో ఫలానా తేదీన ఫలానా ఇంట్లో బిడ్డను ఇచ్చి పుచ్చుకున్నాము అన్న వాక్యం ఉందని రాశారు. ఆ వాక్యం కింద గీత గీసి నకలు జతచేయండి. ఇంకా పత్రం రాయించుకోని చదువరులు ఎవరైనా ఉంటే, దస్తావేజు రాసేవారి దగ్గర కూర్చున్నప్పుడు ఈ తేదీ వాక్యం తప్పకుండా వేయించుకోవాలి. చాలా పత్రాల్లో ఆస్తి హక్కుల గురించి అరపేజీ ఉంటుంది, బిడ్డ చేతికొచ్చిన రోజు గురించి ఒక్క ముక్క ఉండదు.

ఆదివారాల కోత గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 12 వారాలంటే 84 రోజులు. వారమంటే ఏడు రోజులనీ, జీతం లేని ఆదివారాలు కూడా ప్రసూతి ప్రయోజనం లెక్కలోకి వస్తాయనీ 1977లోనే కోయంబత్తూరు తోటల కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆదివారాలు తీసేసి 72 రోజులకే లెక్క కడుతున్న కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయంటే అది తెలియక చేసేదని నేను అనుకోను. రోజుకు ఎంత ఇవ్వాలన్నది మీరు సెలవులో వెళ్లడానికి ముందరి మూడు నెలల జీతపు సగటును బట్టి ఉంటుంది. మీకు ఈఎస్‌ఐ లేదు కనుక ఆ మొత్తం యాజమాన్యమే కట్టాలి. జీతం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్‌ఐ సంస్థే చెల్లిస్తుంది. వారు బ్రాంచి కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి, ఉద్యోగ రక్షణ వారికీ ఉంది.

ఇంక్రిమెంటు దగ్గర రెండు రకాలను వేరుచేసి చూడాలి. పనితీరును కొలిచి, లక్ష్యాలను బట్టి కొందరికే ఇచ్చే ప్రోత్సాహకం అయితే, మీరు పనిచేసిన నెలలకు తగినట్టు లెక్కగట్టాం అన్న వాదనకు కొంత చోటుంది. దాని మీద పట్టుబట్టమని నేను చెప్పను. ల్యాబ్‌లో అందరికీ ఒకే శాతంతో ఏప్రిల్‌లో వేసే వార్షిక పెంపు అయితే, సెలవులో ఉన్నారన్న ఒక్క కారణంతో మీకు ఆపడం సర్వీసు షరతును నష్టం కలిగేలా మార్చడమే. అందరికీ ఇచ్చారని చూపడానికి తోటివారి జీతపు చీటీలు అడిగి వారిని ఇరకాటంలో పెట్టకండి. గత ఆరేళ్ల మీ సొంత ఇంక్రిమెంటు ఉత్తరాలే ఆనవాయితీని చూపుతాయి.

పాలు పట్టే విరామాల గురించి అడిగారు. ఇందులో మీకు నచ్చని జవాబు చెప్పక తప్పదు. బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండు విరామాలు అన్న సెక్షన్ ప్రసవించి విధులకు తిరిగి వచ్చిన స్త్రీ అని మొదలవుతుంది. ఆ మాటలను బట్టి చూస్తే దత్తత తల్లి దానిలో ఇమడదు. ఇది సబబు కాదని నేనూ అంటాను, సీసాతో పట్టినా ఆకలి ఆకలే. కాని ఫిర్యాదులో బలహీనమైన అంశం ఒకటి చేరిస్తే, ఎదుటివారు మిగిలినవన్నీ వదిలేసి దాని మీదే జవాబు రాస్తారు. దానికి బదులు క్రెష్ (పిల్లల సంరక్షణ గది) సెక్షన్‌ను పట్టుకోండి. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ నిర్ణీత దూరంలో క్రెష్ నడపాలి, ఉద్యోగినిని విశ్రాంతి సమయంతో కలిపి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలి. అక్కడ ప్రసవించిన స్త్రీ అన్న షరతు లేదు. పైడిభీమవరం ప్రాంతంలో 50 మంది దాటని మందుల కర్మాగారం అరుదు. కొన్నిచోట్ల ఆ గది గేటు పక్కన తాళం వేసి, లోపల పాత ఫైళ్లు పెట్టుకుని ఉంటుంది. తనిఖీకి ముందురోజు ఉయ్యాల కడతారు. మీ కంపెనీలో నిజంగా నడుస్తున్న గది ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. శ్రీకాకుళం నుంచి అంత దూరం పాపను బస్సులో రోజూ తీసుకెళ్లగలరా అన్నది వేరే ప్రశ్న, చాలామంది తీసుకెళ్లలేరు. అయినా అడగండి, ఎందుకంటే ఆ గది లేదని ఒప్పుకోవలసి వచ్చిన యాజమాన్యం మీ షిఫ్టు విషయంలో కాస్త మెత్తబడడం నేను చూశాను. ఇంటి నుంచి పని అన్నది మీ ల్యాబ్ పనికి పొసగదు, అది ఇరువురి ఒప్పందం మీద ఆధారపడిన వెసులుబాటే గాని హక్కు కాదు.

ఇప్పుడు చేయవలసిన పని. మొదట కంపెనీకే ఉత్తరం రాయండి. నేరుగా కార్మిక శాఖకు వెళ్లకూడదని కాదు, ఉత్తరానికి జవాబు వచ్చినా రాకపోయినా అది మీ కేసుకు పునాది అవుతుంది. భాష మెత్తగా, సంగతులు కచ్చితంగా ఉండాలి. ఇలా మొదలుపెట్టవచ్చు: “సామాజిక భద్రతా కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మీరు మంజూరు చేసిన 12 వారాల దత్తత సెలవు ముగించుకుని నేను విధులకు హాజరయ్యాను. సెలవుకు ముందు క్యూసీ ల్యాబ్‌లో అనలిస్టుగా, జనరల్ షిఫ్టులో, ల్యాబ్ అలవెన్సుతో పనిచేసేదాన్ని. చేరిన నాటి నుంచి నా విభాగం, షిఫ్టు, అలవెన్సు నాకు నష్టం కలిగే విధంగా మారాయి. 68వ సెక్షన్‌ను దృష్టిలో ఉంచుకుని నన్ను పూర్వపు సర్వీసు షరతులపై కొనసాగించవలసిందిగా, తగ్గించిన మొత్తాలను చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఈ ఉత్తరంపై నిర్ణయం వచ్చేవరకు, నా హక్కులను వదులుకోకుండా, అప్పగించిన విధులు నిర్వహిస్తూ ఉంటాను.” ఈ చివరి వాక్యం చాలా ముఖ్యం. కోపంతో ప్యాకింగ్‌కు వెళ్లడం మానేస్తే గైర్హాజరీ అని మరో కేసు మీ మీదే పెడతారు. వెళ్లండి, పని చేయండి, అభ్యంతరం మాత్రం కాగితం మీద ఉంచండి. ఉత్తరం స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో పంపి, అదే రోజు మెయిల్‌లో కూడా పెట్టండి. హెచ్ఆర్ గదిలో చేతికిచ్చి వచ్చిన ఉత్తరాలు ఎన్ని కనబడకుండా పోయాయో నాకు తెలుసు.

జవాబు కోసం పది రోజులు చాలు, అంతకు మించి ఎదురుచూడవద్దు. ప్రయోజనం చెల్లించనందుకు గాని, తొలగించినందుకు గాని అప్పీలు చేసుకోవడానికి ఆ ఉత్తర్వు చేతికందిన నాటి నుంచి 60 రోజులే గడువు. మూడు వారాల జీతం, ఆదివారాల డబ్బు సరిగ్గా ఈ కోవలోకి వస్తాయి. సర్వీసు షరతుల మార్పుకు ఇదే గడువా అన్నదానిపై వాదనలు ఉండవచ్చు కనుక, జాగ్రత్తకోసం అన్నిటికీ ఇదే గడువు అనుకుని నడవండి. ఏప్రిల్ నడుమ ఉత్తర్వు అందింది కాబట్టి జూన్ నడుమకు ముందే మీ కాగితాలు అధికారి బల్లమీద ఉండాలి. ఫిర్యాదు జిల్లా కేంద్రంలోని కార్మిక శాఖ కార్యాలయంలో ఇచ్చి, నకలు కర్మాగారాల తనిఖీ అధికారికి పంపండి. కొత్త కోడ్‌లో ఆ అధికారిని ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అంటున్నారు. తమ పరిధి కాదని ఒకరు మరొకరి మీదికి నెట్టినా, ఇద్దరి దగ్గరా అందిన ముద్ర ఉంటే మీ గడువు భద్రంగా ఉంటుంది. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వమని మీ అన్నయ్య సలహా ఇచ్చారట. ఇవ్వండి, దానికో నంబరు వస్తుంది, ఎక్కడ ఆగిందో అడగడానికి పనికొస్తుంది. అయితే ఆ అర్జీ చివరికి తిరిగి వచ్చేది కార్మిక శాఖకే కనుక, అదొక్కటే ఇచ్చి ఊరుకుంటే వారాలు వృథా అవుతాయి.

న్యాయవాది ఖర్చు గురించి భయపడ్డారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. శ్రీకాకుళం కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు ఇస్తే న్యాయవాదిని కేటాయిస్తారు. మీ జీతం పాతిక వేలైనా, యాభై వేలైనా ఆ హక్కు ఒకటే. కేటాయించిన న్యాయవాదికి కార్మిక కేసుల అనుభవం ఉందా అని మొహమాటపడకుండా అడగండి, లేకపోతే మార్చమని కోరవచ్చు.

ఒక చిన్న హెచ్చరిక కూడా అవసరం. సెలవు కాలంలో మిమ్మల్ని రెండు రోజులు ఆడిట్‌కోసం పిలిపించి పని చేయించుకున్నారని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. మంజూరైన సెలవులో ఏ సంస్థలోనైనా పని చేస్తే ఆ రోజుల మేరకు ప్రయోజనం పోతుందని చట్టంలో ఉంది. కాబట్టి ఆ రెండు రోజులకు ప్రయోజనం అడగకండి, మామూలు జీతం అడగండి. బయోమెట్రిక్‌లో ఆ రోజుల హాజరు పడిందో లేదో చూసుకోండి. పడకపోతే గేటు రిజిస్టరులో మీ సంతకం ఉంటుంది. ఉత్తరంలో ఆ తేదీలు మీరే ముందుగా చెప్పేయండి. తరువాత యాజమాన్యం దాన్ని బయటికి తీసి మీరు దాచారని అనేకంటే అదే మేలు.

ఉత్తరానికి జవాబు వచ్చాక అందులోని మాటలు యథాతథంగా ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. పనుల అవసరం అని రాస్తారా, బదిలీ నిబంధన చూపుతారా, దత్తత చెల్లదంటారా అన్నదాన్ని బట్టి ఫిర్యాదులో దేనికి పెద్దపీట వేయాలో అప్పుడు చెబుతాను.